పాఠమునకు ముందటి గంట

ఏటేట జూన్ మాసమున బడులు తెరచునప్పుడు మన పట్టణములలోను పల్లెలలోను ఒక సందడి పుట్టును. ఫీజు లెంత, పాఠ్యపుస్తకములు వచ్చినవా, గదులు చాలునా, మరుగుదొడ్డిలో నీరు పారునా, మధ్యాహ్న భోజనమున గ్రుడ్డు వడ్డింతురా యని తల్లిదండ్రులు విచారింతురు. పత్రికలును ఈ విషయములనే వ్రాయును. ఇవి యన్నియు విచారింపదగినవే, కాదనువారము కాము. అయినను, రేపు ఉదయము మా పిల్లవాని తరగతిలో నిలువబోవు ఉపాధ్యాయుడు ఆ పాఠమునకై నేటి రాత్రి యేమి సిద్ధపరచుకొనెనని యడుగువారు మాకు కానరారు. అడుగుట మర్యాద కాదనుకొందురో, అసలు అట్టి ప్రశ్న యొకటి కలదని తోచకయే యుందురో చెప్పజాలము.

వకీలు కాగితములు చదువక న్యాయస్థానమునకు పోయెనేని కక్షిదారు మరునాడే వేరొక వకీలును వెదకికొనును. పురాణము చెప్పు శాస్త్రిగారు ఘట్టమును ముందుగా చూచుకొనక పీఠ మెక్కినయెడల వినుచున్న ముసలివారే తప్పు పట్టుదురు. నాటకసమాజమువారు పద్యమును నెలల తరబడి సాధన చేయక రంగమున కెక్కరు. ఎక్కినచో ప్రేక్షకుల యీలలే వారికి బుద్ధి చెప్పును. ఈ పనులన్నిటియందును సిద్ధపడనివాని లోపమును పట్టుకొనువారు ఎదుటనే కూర్చుండియుందురు. తరగతిగదిలో మాత్రము అట్లు కాదు. అచ్చట ఎదుట కూర్చున్నవారు పదేండ్లవారు. పాఠము బోధపడనిచో బాలుడు మాష్టరుగారు సిద్ధపడి రాలేదనుకొనడు. నాకు లెక్కలు రావనుకొనును. తాను నష్టపోయితినని తానే యెరుగని కక్షిదారు వాడు. ఒక గంట యశ్రద్ధ ఆ పసివాని మనస్సున తన బుద్ధిని గూర్చిన తీర్పుగా నిలిచిపోవుచున్నది. మేమీ విషయమును ఇంత గట్టిగా ఎత్తికొనుటకు కారణ మిదియే.

సిద్ధపడుట యనగా నేమో ఒక చిన్న లెక్కతో చూతము. భిన్నముల భాగహారము ప్రాథమికోన్నత తరగతులలో చెప్పబడును. 1¾ ను ½ చేత భాగింపుమని లెక్క. సిద్ధపడని ఉపాధ్యాయుడు దానిని నల్లబల్లమీద వ్రాసి, రెండవ భిన్నమును తలక్రిందులు చేయుడు, గుణింపుడు అని చెప్పి, మూడున్నర యని జవాబు వేసి, క్రింద రెండు గీతలు గీచి, తక్కిన పది లెక్కలు ఇంటివద్ద చేసికొని రండనును. జవాబు సరియైనదే. పిల్లలును ఆ పది లెక్కలను చేసికొని వత్తురు. కాని తలక్రిందులు ఏల చేయవలయునని యొక బాలిక యడిగినచో? భాగించిన పిమ్మట వచ్చిన ఫలము మొదటి సంఖ్యకంటె పెద్దది ఎట్లయ్యెనని వేరొకడు అడిగినచో? అప్పుడు సూత్రము అంతే యను మాట వచ్చును. ఆ మాట విన్న పిల్లలు మరల అడుగరు.

ముందటి రాత్రి పావుగంట కూర్చున్న ఉపాధ్యాయుడు ఏమి చేయును? ఒక యింటిలో ఒకటి ముప్పావు కిలోల బియ్యము కలవు. పూటకు అరకిలో వండుదురు. ఎన్ని పూటలు గడచునని తన్ను తానే యడుగుకొనును. మూడు పూటలకు కిలోన్నర పోవును. మిగిలినది పావుకిలో. ఇచ్చటనే పిల్లలు జారిపడుదురని ఆయన కనిపెట్టును. పావు మిగిలినది గావున జవాబు మూడుంబావు అనువారు తరగతిలో పలువురుందురు. పావుకిలో యనగా పూటకు కావలసినదానిలో సగము. కావున మిగిలినది అరపూట బియ్యము. ఈ యొక్క మెలికను ముందుగా చూచినవాడు మరునాడు ఆ తప్పు రాగానే కోపపడడు. దానికై వేచియే యుండును. అరతో భాగించుట వేరు, సగము చేయుట వేరు అను సంగతియు ఆయనకు ముందే తట్టును. వినుటకు ఈ రెండును దగ్గరగా నుండుటచే పెద్దవారు సైతము పొరబడుదురు.

పై భాగహారము మేము కల్పించినది కాదు. చైనాలో ఉపాధ్యాయినిగా పనిచేసి, అమెరికాలో పరిశోధన చేసిన లిపింగ్ మా యను విదుషి 1999లో ప్రకటించిన గ్రంథమున నున్నది. 23 మంది అమెరికా ఉపాధ్యాయులను, 72 మంది చైనా ఉపాధ్యాయులను ఈ లెక్కనే చేయుమని, దానికి తగిన కథ యొకటి చెప్పుమని యడిగిరి. చైనావారిలో నూటికి తొంబదిమంది తగిన కథ చెప్పగలిగిరి. అమెరికావారిలో అట్లు చెప్పగలిగినది ఒక్కరు. విశేషమేమన, ఆ అమెరికా ఉపాధ్యాయులు పట్టభద్రులు. చైనా ఉపాధ్యాయులలో పెక్కుమంది తొమ్మిదవ తరగతి తరువాత రెండు మూడేండ్ల శిక్షణ మాత్రము పొందినవారు. అనగా భేదము పట్టములవలన వచ్చినది కాదు. ఆ చైనా ఉపాధ్యాయులు పాఠ్యపుస్తకమును తాముకూడ విద్యార్థులవలె చదివి, ఏ లెక్కను ఏల ముందు పెట్టిరి, ఏ లెక్కను ఏల వెనుక పెట్టిరి యని తోటివారితో తర్కించి, ఆ పిమ్మట తరగతికి పోవువారని ఆమె వ్రాసినది. మన దేశమున పట్టములకు కొదువ లేదు. ఉపాధ్యాయుల గదిలో కూర్చుండి ఒక లెక్కను గూర్చి అరగంట తర్కించు నలుగురిని చూపుమన్న మాత్రము వెదకవలసియుండును.

విజ్ఞానశాస్త్రమునకు వత్తము. పళ్ళెములో నీరు పోసి, నడుమ క్రొవ్వొత్తి వెలిగించి, దానిపై గాజుగ్లాసును బోర్లించు ప్రయోగమును మా చదువరులలో పెక్కుమంది బాల్యమున చూచియే యుందురు. చూడకున్నను పటము నైన గీచియుందురు. దీపము ఆరును, నీరు గ్లాసులోనికి ఎక్కును. ఆక్సిజను ఖర్చయిపోయినది గనుక దాని చోటికి నీరు వచ్చెననియు, గాలిలో ఆక్సిజను సుమారు ఐదవవంతు గనుక నీరును ఐదవవంతే యెక్కెననియు తరతరములుగా చెప్పుచున్నారు. ఇంటివద్ద ఒకసారి చేసి చూచిన ఉపాధ్యాయునకు ఈ మాట నోట రాదు. ఏలయనగా, గ్లాసు బోర్లించునప్పుడు దాని యంచుక్రిందనుండి బుడగలు వెలికి వచ్చుట ఆయన కంటబడును. మంట వెలుగుచున్నంతసేపు నీరు అంతగా ఎక్కదు. దీపము ఆరిన వెంటనే గబగబ ఎక్కును. ఒక వత్తికి మారుగా మూడు వత్తులు పెట్టినచో నీరు మరింత యెక్కును. గాలిలోని ఆక్సిజను పాలు మూడింతలైనదా యేమి? వేడిచే వ్యాకోచించిన గాలిలో కొంత బయటికి పోయినది. దీప మారగానే మిగిలిన గాలి చల్లబడి సంకోచించినది. బయటి గాలి యొత్తిడి నీటిని లోనికి నెట్టినది. ప్రధానకారణ మిది. మంట ఆరునప్పటికి గ్లాసులోని ఆక్సిజను అంతయు ఖర్చుకానే కాదు.

దీనికైన ఖర్చు ఒక క్రొవ్వొత్తి, ఒక గ్లాసు, పదినిమిషములు. ఇవి లేనందున తప్పుమాట ఒక తరమునుండి వేరొక తరమునకు శాస్త్రమను పేర సాగిపోవుచున్నది. పిల్లవాడు తన కంటితో చూచినదానిని నమ్మక పుస్తకమున నున్నదానిని నమ్ముట నేర్చుకొనుచున్నాడు. శాస్త్రపాఠమున ఇంతకంటె విపరీత మేమి యుండును?

ఈ దేశమున ఈ విషయము క్రొత్తగా కనుగొనబడినది కాదు. పతంజలి మహాభాష్యపు మొదటి యాహ్నికముననే విద్య నాలుగు కాలములయందు ఉపయుక్తమగునని చెప్పబడినది: గురువువలన గ్రహించుకాలము, తనలో తాను మననము చేయుకాలము, ఇతరులకు బోధించుకాలము, వ్యవహారమున వినియోగించుకాలము. గ్రహించుటకును బోధించుటకును నడుమ స్వాధ్యాయమునకు ప్రత్యేకముగా నొక కాలము ఈయబడినదని చదువరులు గమనింతురుగాక. ట్రెయినింగు కాలేజీనుండి నేరుగా తరగతిలోనికి దిగి, ఆ నడిమి మెట్టును ఒకసారి యెక్కితినిగదా యని ముప్పదియేండ్లు గడపుట మన కాలపు పద్ధతి.

వీధిబడి పంతులుగారు ఏ నోట్సు వ్రాసికొని పాఠము చెప్పెనని కొందరు మమ్మడుగవచ్చును. ఆయనకు చెప్పవలసినవి పెద్దబాలశిక్ష, అమరము, కొన్ని శతకములు, ఎక్కములు. అవి యాయనకు నిద్రలో లేపి యడిగినను వచ్చును. జీవితకాలమంతయు చేసిన తయారీ నాలుకపై నుండెను. నేటి ఉపాధ్యాయుని స్థితి యది కాదు. పాఠ్యపుస్తకములు మారుచున్నవి. బోధనాభాష సైతము మారినది. ఆంధ్రప్రదేశమున 2020-21 నుండి ఒక ప్రక్క తెలుగును ఒక ప్రక్క ఇంగ్లీషును గల ద్విభాషా పుస్తకములు వచ్చినవి. తెలంగాణమున 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఆ నిర్ణయముల మంచిచెడ్డలు ఇక్కడ మేము విచారించుట లేదు. తెలుగున చదివి, తెలుగున శిక్షణ పొంది, ఇరువదియేండ్లు తెలుగున బోధించిన ఉపాధ్యాయుడు కిరణజన్యసంయోగక్రియను ఇంగ్లీషున చెప్పవలసినప్పుడు, విషయముతోపాటు వాక్యమునుకూడ ముందటిరాత్రి తయారు చేసికొనవలసియున్నది. భారము రెండింతలయ్యెను. సమయము మాత్రము రెండింతలు కాలేదు.

సిద్ధపడుట యెంతవరకు పోగలదో చూడగోరువారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని తలచుకొనవలయును. ఆయన పర్లాకిమిడిలో 1880లో ఉపాధ్యాయుడుగా చేరెను. ఆ చుట్టుప్రక్కల కొండలలో నివసించు సవరలకు చదువు చెప్పవలయునని ఆయనకు కోరిక పుట్టెను. వారి భాష ఆయనకు రాదు. ఆ భాషకు వ్రాతయు లేదు, పుస్తకమును లేదు, నిఘంటువును లేదు. ఇట్టి స్థితిలో మనలో పెక్కుమంది, వారే తెలుగు నేర్చుకొని రావలయుననుకొందుము. ఆయన యట్లనుకొనలేదు. సవర తెలిసినవానిని దగ్గర నుంచుకొని, ఏండ్లతరబడి ఆ భాషను తానే నేర్చుకొని, వాచకములు తానే వ్రాసి, తన ఖర్చుతో బడులు పెట్టించెను. ఆ కృషి ఫలముగా సవరభాషా వ్యాకరణగ్రంథము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. లోకము ఆయనను వాడుకభాషోద్యమ నాయకునిగా స్మరించుచున్నది. ఆయన జన్మదినమగు ఆగస్టు 29వ తేదీని తెలుగుభాషాదినముగా జరుపుచున్నది. (మే మిచ్చట వ్రాయుచున్న యీ భాషను చూచి ఆయన మందలించియే యుండును.) మాకు మాత్రము ఆయన, పిల్లవానివద్దకు తానే నడచిపోయిన ఉపాధ్యాయుడుగా ముందు కానవచ్చుచున్నాడు.

అంతటి పని అందరివలన కాదు. అందరినుండి కోరుటయు న్యాయము కాదు. అయితే ఆ త్రోవలో ఒక యడుగు ప్రతివారును వేయగలరు. దివిసీమలోని యొక బడిలో తుపాను పాఠము చెప్పవలసియున్నదనుకొందము. పుస్తకములోని పటము అన్ని జిల్లాలకు నొక్కటియే. కాని 1977 నవంబరు 19వ తేదీన ఆ సీమను సముద్రము ముంచెత్తి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొన్నది. దానిని కన్నులార చూచినవారు నేటికిని ఆ యూళ్ళలో నున్నారు. పాఠమునకు ముందటిసాయంకాలము ఉపాధ్యాయుడు అట్టి యొకరి యరుగుమీద అరగంట కూర్చుండి, నీరు ఎటునుండి వచ్చినది, ఏ యెత్తువరకు వచ్చినది, ఎవరు ఎక్కడ తలదాచుకొనిరి యని తెలిసికొని పోయినచో, మరునాడు పిల్లలు ఆ పటమును చూచు చూపు వేరు. ఉప్పెన యను మాటకు అర్థమును బల్లమీద వ్రాయవలసిన పని యుండదు.

ఇక మేము మెచ్చని తయారీని గూర్చి చెప్పవలసియున్నది. హెర్బార్టు అను జర్మను పండితుని శిష్యులు పందొమ్మిదవ శతాబ్దమున పాఠమునకు అయిదు సోపానములను ఏర్పరచిరి. అవి మన ట్రెయినింగు కాలేజీలకు వచ్చి, నోట్స్ ఆఫ్ లెసన్స్ అను పేర గళ్ళు గీచిన రిజిస్టరులుగా మారినవి. ఉద్దేశము, పూర్వజ్ఞానము, ప్రేరణము, ప్రదర్శనము, పునర్విమర్శ: ప్రతి గడిలోను ఏదో ఒకటి వ్రాయవలయును. అధికారి వచ్చినప్పుడు రిజిస్టరు చూపవలయును. ఆయన సంతకము చేసి పోవును. దానితో రిజిస్టరు ఉపాధ్యాయునికొరకు కాక అధికారికొరకు పుట్టినదయ్యెను. పోయిన యేటి రిజిస్టరును చూచి ఈ యేటి రిజిస్టరును ఎక్కించుట ఎల్లెడల జరుగుచున్నదే. ఇప్పుడు ఆ శ్రమయు తప్పినది. పాఠము పేరు చెప్పినంతనే పాఠ్యప్రణాళికను వ్రాసి చేతికిచ్చు యంత్రములు వచ్చినవి. రిజిస్టరు ముత్యాలవలె నిండును. ఉపాధ్యాయుని మనస్సులో నొక్క యక్షరమును పడదు. యంత్రమును మేము నిందింపము. ఏ ప్రశ్నకు పిల్లలు తడబడుదురో ముందుగా ఊహించుటకు దానిని వాడుకొను బుద్ధిమంతులును కలరు. కాని గడులు నింపుటయే తయారీ యనుకొన్న చోట యంత్రము మిక్కిలి చక్కగా పనిచేయునని మాత్రము చెప్పుచున్నాము.

తయారీ యనునది కాగితముమీది వరుస కాదనుటకు గిజుభాయి బధేకా వ్రాసిన దివాస్వప్నమే సాక్ష్యము. ఆయన వకీలువృత్తిని విడిచి, భావనగరమున దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో బాలమందిరమును స్థాపించినవాడు. ఆ గ్రంథములోని ఉపాధ్యాయుడు నాలుగవ తరగతి పిల్లలకై యింటివద్ద చక్కని పథకము వేసికొని పోవును. మొదటిదినముననే యది చెదరిపోవును. నిశ్శబ్దముగా నుండుడన్నచో పిల్లలు కేకలు వేయుదురు. ఆయన ఇంటికి పోయి మరల ఆలోచించి, మరునాడు కథలతో మొదలుపెట్టును. తరగతి ఆయన చేతికి వచ్చును. సిద్ధపడి పోయిన పాఠము చెదరిపోయిన యెడల తయారీ వ్యర్థమని కొందరందురు. మేమట్లనము. సిద్ధపడి పోయినవాడు గనుకనే ఎచ్చట చెదరినదో ఆయనకు తెలిసినది. ఊరక పోయినవాడు పిల్లలు అల్లరివారని చెప్పి యూరకుండును.

ఇరువదియేండ్లు చెప్పిన పాఠమేగదా, మరల చూచుకొనుట యేల యను పెద్దల మాటకు మా సమాధానము చిన్నది. పాఠము పాతదే, తరగతి క్రొత్తది. గత యేడు భిన్నములు సులభముగా గ్రహించిన పిల్లలు పోయిరి. ఈ యేడు వచ్చినవారిలో ఎక్కములు రానివారు ఎందరు? అనుభవజ్ఞునకు కావలసిన సమయము తక్కువ, అంతియే. యుద్ధకాలే శస్త్రాభ్యాస మను మాట క్రొత్తవారికే కాక పాతవారికిని వర్తించును. తుప్పు పట్టిన కత్తియు కత్తియే యని పోరునకు దిగరాదు.

ఇంతవరకు ఉపాధ్యాయునితో మాటలాడితిమి. ఇక ఆయన పక్షమున మాటలాడవలయును. తయారీకి సమయ మేది? ఈ ప్రశ్నను సోమరితనపు సాకుగా త్రోసివేయువారితో మేము ఏకీభవింపము. 2009నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని యనుబంధములో ఉపాధ్యాయుడు వారమునకు కనీసము 45 గంటలు పనిచేయవలయునని యున్నది. ఆ గంటలలో తయారీగంటలుకూడ చేరియున్నవని అందే స్పష్టముగా చెప్పబడినది. అదే యనుబంధము ఒకటినుండి అయిదు తరగతులకు సంవత్సరమునకు 200 దినములు, 800 గంటల బోధనను, ఆరునుండి ఎనిమిది తరగతులకు 220 దినములు, 1000 గంటల బోధనను కనీసముగా విధించినది. లెక్క వేసి చూతము. ప్రాథమిక తరగతులకు దినమునకు నాలుగు గంటలు. వారమునకు ఆరు దినములైనచో ఇరువదినాలుగు. పై తరగతులకు దినమునకు సుమారు నాలుగున్నర, వారమునకు ఇరువదియేడు. నలుబదియైదులో ఇవి పోగా మొదటివారికి ఇరువదియొకటి, రెండవవారికి పదునెనిమిది గంటలు మిగులవలయును. పుస్తకములు దిద్దుట, తల్లిదండ్రులతో మాటలాడుట మొదలగువానికి సగము పోయిన ననుకొన్నను, వారమునకు తొమ్మిది పది గంటలు తయారీకి నిలువవలయును.

ఆ గంటలు ఎచ్చటికి పోయినవి? జనాభాలెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప ఇతరములైన బోధనేతర కార్యములకు ఉపాధ్యాయులను వినియోగింపరాదని ఆ చట్టపు 27వ విభాగము చెప్పుచున్నది. అయినను మధ్యాహ్న భోజనపు లెక్కలు, యాప్‌లలో హాజరులు, ఎక్కింపవలసిన ఛాయాచిత్రములు, పంపవలసిన నివేదికలు, నివేదికలు పంపితిమని పంపవలసిన నివేదికలు ఆ గంటలను మెల్లమెల్లగా తినివేయుచున్నవి. సెలవు పెట్టిన సహోపాధ్యాయుని తరగతిలో కూర్చుండుటకు, పాపము, తీరికగంట గలవానినే పంపుదురు. ప్రైవేటు బడులలో పెక్కుచోట్ల ఎనిమిది పీరియడ్లలో ఏడింట నిలువబడి మాటలాడి, ఇంటికి పోయి వ్రాతపుస్తకముల కట్టను విప్పుకొను ఉపాధ్యాయినులను మేమెరుగుదుము. వారి జీతము చెప్పుటకు సిగ్గగును. వారిని మీరేల సిద్ధపడి పోవుటలేదని యడుగుటకు మాకు నోరు రాదు.

వీరందరికంటె దయనీయుడు ఏకోపాధ్యాయుడు. 2024-25 సంవత్సరపు ప్రభుత్వ గణాంకముల ప్రకారము ఒకే యుపాధ్యాయుడు గల పాఠశాలలు దేశమున లక్షకు పైగా నున్నవి. వానిలో చదువుచున్న పిల్లలు ముప్పదిమూడు లక్షలకు మించినవారు. అట్టి బడులు అధికముగా గల రాష్ట్రము ఆంధ్రప్రదేశ మని చెప్పుటకు మాకు కష్టముగా నున్నది. అయిదు తరగతులు, ఒక్కొక్క తరగతికి మూడు నాలుగు విషయములు: దినమునకు పదునైదుకు తక్కువగాని పాఠములు. పాఠమునకు పదినిమిషములైనను చూచుకొనవలెనన్న రాత్రి రెండున్నర గంటలు. మానవమాత్రుడు ఎన్నిదినములు చేయగలడు? ఈ బడులకు రెండవ యుపాధ్యాయుని ఈయక శిక్షణాశిబిరములకు మాత్రము పిలుచుట, దాహముగొన్నవానికి నీటిని గూర్చి ఉపన్యసించుటవంటిది.

ఈ నష్టము అందరిపైనను సమానముగా పడుట లేదను సంగతిని పట్టణవాసులగు మా చదువరులు తప్పక గమనింపవలయును. సిద్ధపడని పాఠము విన్న కలవారి పిల్లవాడు సాయంకాలము ట్యూషనునకు పోవును. ఇంటిలో తల్లియో తండ్రియో కూర్చుండి చెప్పుదురు. అదియు కానిచో చేతిలోని ఫోనులో మరియొకరు చెప్పగా వినును. కూలివాని బిడ్డకు ఆ నలుబది నిమిషములే సర్వస్వము. అందు తప్పినది మరెచ్చటను దొరకదు. 2022 సంవత్సరపు అసర్ నివేదిక గ్రామీణ భారతమున అయిదవ తరగతి పిల్లలలో నూటికి 42.8 మంది మాత్రమే రెండవ తరగతి వాచకమును చదువగలిగిరని తెల్పినది. కరోనా కాలమున బడులు మూయబడుట దీనికి కొంత కారణమనుట నిజము. కాని అంతకుముందు 2018లోనైనను ఆ సంఖ్య సగమును కొంచెము మించినదే. ఈ పిల్లలలో ట్యూషను గలవారెందరో, లేనివారెందరో ఊహించుట కష్టము కాదు.

కనుక తయారీని ఉపాధ్యాయుని సుగుణముగా పొగడి యూరకుండుటకు మేము ఒప్పుకొనము. అది పని, పనిగా లెక్కింపబడవలయును. జపానులో మెయిజీ యుగము నాటినుండి పెరిగి వచ్చిన యాచార మొకటి కలదు. ఒక బడిలోని ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠమును ఏర్పరచుకొందురు, ఒకరు దానిని తరగతిలో చెప్పుదురు, తక్కినవారు వెనుక నిలిచి పిల్లలను గమనింతురు, తరువాత అందరును కూర్చుండి పాఠమును సవరింతురు. అప్పు తెచ్చుకొనక తీయలేని తీసివేతను మొదటిసారి చెప్పునప్పుడు 13 నుండి 9 తీయుమనవలయునా, 12 నుండి 3 తీయుమనవలయునా యనునంత సూక్ష్మమైన విషయము వారి చర్చలోనికి వచ్చును. 9 తీయవలసినప్పుడు పిల్లవాడు పదినుండి తొమ్మిది తీసి, మిగిలిన యొకటిని మూడుతో కలుపును. 3 తీయవలసినప్పుడు ముందు రెండు తీసి, తరువాత పదినుండి మరి యొకటి తీయును. సంఖ్య మారినంతనే ఆలోచన మారిపోవుచున్నది. ఒంటరిగా కూర్చున్న ఉపాధ్యాయునకు తోచని యిట్టి సంగతులు నలుగురు కూర్చున్నచో తోచును. మనకును పాఠశాలా సముదాయముల సమావేశములు కలవు. అందు సర్క్యులరులు చదువుటకు పట్టు కాలములో సగమును ఒక్క పాఠమునకు ఈయలేమా? వచ్చు నెలలో అందరును చెప్పవలసిన పాఠము నొకదానిని తీసికొని, పిల్లలు ఎచ్చట తప్పుదురో, ఏ ప్రశ్న అడిగిన తప్పు బయటపడునో చర్చించి పోయినచో, ఏకోపాధ్యాయునకు సైతము కొంత బరువు తగ్గును.

దీనికి క్రొత్త చట్టము అక్కరలేదు, క్రొత్త పన్నును అక్కరలేదు. ప్రతి ప్రభుత్వ పాఠశాలకును నిర్వహణ సంఘము కలదు. అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలయునని, మొత్తము సభ్యులలో సగము స్త్రీలుండవలయునని చట్టము చెప్పుచున్నది. ఈ సంఘములు గోడలకు రంగులను గూర్చియు, వంటపాత్రలను గూర్చియు తీర్మానములు చేయుచున్నవి. వచ్చు సమావేశమున సభ్యులలో ఎవరైన నొకరు లేచి, హెడ్మాష్టరుగారిని వినయముగా నడిగి, ఆ వారపు టైంటేబులును బల్లమీద పరపించి చూడవలయునని మా కోరిక. తెలుగు, గణితము, ఆటలు, భోజనవిరామము: అన్నిటికిని గడులుండును. చట్టము చెప్పిన ఆ తయారీగంటలు ఏ దినమున, ఏ గడిలో, ఏ ఉపాధ్యాయుని పేరున వ్రాయబడియున్నవి? ఆ గంటలో ఆయనను నివేదికలకై కార్యాలయమునకు పిలిచినవారెవరు, ఎన్నిసార్లు?